రెక్కల వెనుక లెక్కలు

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్ల బోర్డులు చదువుకుంటూ నడిస్తే సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతా అరగంటలో చుట్టి రావచ్చు. జావా, ఒరాకిల్, పైథాన్, డెవాప్స్. వాటి నడుమ ‘ఎస్‌ఏపీ పీఎం’ అన్న అక్షరాలు అంతగా కంటికి ఆనవు. ఎస్‌ఏపీ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో పీఎం అంటే ప్లాంట్ మెయింటెనెన్స్. ఫ్యాక్టరీలో ఫలానా పంపు ఎప్పుడు బిగించారు, ఇప్పటిదాకా ఎన్ని గంటలు తిరిగింది, మళ్లీ ఎప్పుడు విప్పి చూడాలి అన్న లెక్కలను కంప్యూటర్‌లో నడిపే విద్య అది. నేర్చుకునే కుర్రాళ్లలో ఎక్కువమంది సిమెంటు కంపెనీలోనో, మందుల ఫ్యాక్టరీలోనో ఉద్యోగాన్ని ఊహించుకుంటారు. విమానాలను ఎగరనిచ్చే లెక్కకూ, ఎగరకుండా ఆపే లెక్కకూ మూలసూత్రం అదేనని పాఠంలో ఎవరైనా చెబితే తప్ప తట్టదు.

ఆ గదుల నుంచి రెండు మూడు కిలోమీటర్లు పోతే బేగంపేట రన్‌వే. నిజాం కాలంలో వెలసిన ఈ విమానాశ్రయం నుంచే 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు తిరిగేవి. 1953లో ఆ సంస్థ జాతీయకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. విమానాల యోగ్యతను పర్యవేక్షించే డీజీసీఏ ప్రాంతీయ కార్యాలయం మాత్రం బేగంపేటలోనే ఉండిపోయింది. డకోటాల రోజుల్లో ఇంజినీరు సిరా కలంతో లాగ్‌బుక్కులో రాసిన అంకెలే ఇప్పుడు తెర మీదికి ఎక్కాయి. రాసే పద్ధతి మారింది కానీ అడిగే ప్రశ్న అదే: ఈ వస్తువు వయసెంత?

వయసు ఎక్కడ రాసి ఉంటుంది?

జెట్ ఇంజిన్ లోపల తిరిగే డిస్కులు రెండింటిని పక్కపక్కన పెడదాం. ఒకటి నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. రెండోది పదేళ్లు ఎగిరి, శుభ్రం చేయించుకుని వచ్చింది. కంటితో చూసి ఏది ఏదో చెప్పడం నిపుణుడికీ కష్టమే. బరువు తేడా లేదు, మెరుపు తేడా లేదు. కానీ రెండోదానికి ఇంకా కొన్ని వేల ప్రయాణాలే మిగిలి ఉండవచ్చు. ఆ సంగతి చెప్పగలిగేది డిస్కు మీద చెక్కిన సీరియల్ నంబరు, ఆ నంబరు పేరిట నడిచిన రికార్డు మాత్రమే. రికార్డు పోయిందంటే లోహం ఎంత గట్టిగా ఉన్నా విమానానికి పనికిరాదు.

అన్ని భాగాలకూ ఒకే నియమం ఉండదు. కొన్నింటిని పరీక్షించి, బాగుంటే ఉంచేస్తారు. కొన్నింటిని నిర్ణీత గడువుకు విప్పి ఓవర్‌హాల్ చేస్తారు. ఎయిర్‌బస్ ఏ320 ల్యాండింగ్ గేర్‌కు సాధారణంగా 10 ఏళ్లు లేదా 20,000 ల్యాండింగులు, ఏది ముందొస్తే అది గడువు. లైఫ్ జాకెట్లు, ఆక్సిజన్ సిలిండర్లు, రబ్బరు సీళ్ల వంటివి ఎగిరినా ఎగరకపోయినా క్యాలెండరు ప్రకారం ముసలివవుతాయి. వీటన్నిటికంటే కఠినమైనవి ఆయుఃపరిమితి ఉన్న భాగాలు. గడువు తీరిన క్షణాన, చూడటానికి ఎంత బాగున్నా, తీసి పారేయాల్సిందే. బోయింగ్ 737లకు వాడే సీఎఫ్‌ఎమ్56-7బీ ఇంజిన్‌లో ఇలాంటివి ఇరవైకి కాస్త అటూఇటూగా ఉంటాయి. ముందుండే ఫ్యాన్ డిస్కుకు పరిమితి 30,000 సైకిళ్లు (లేచి దిగడాలు), వేడి ఎక్కువగా తగిలే నడిమి భాగంలోని డిస్కులకు 20,000, వెనుక ఉండే లో-ప్రెషర్ టర్బైన్ డిస్కులకు 25,000.

గంటలా, సైకిళ్లా?

విమాన పరిభాషలో సైకిల్ అంటే ఒకసారి లేచి, ఒకసారి దిగడం. లేచేటప్పుడు ఇంజిన్ పూర్తి బలంతో తిరిగి భగభగలాడుతుంది, దిగాక చల్లబడుతుంది. పైకి పోయేకొద్దీ క్యాబిన్ లోపలి గాలి ఒత్తిడికి విమానం చర్మం ఉబ్బుతుంది, కిందికి వచ్చాక సడలుతుంది. ఇనుప తీగను ఒకసారి వంచితే ఏమీ కాదు. అదే చోట అటూ ఇటూ వంచుతూ పోతే పుటుక్కున తెగుతుంది. లోహం అలసట అంటే అదే. అందుకే ఎంతసేపు ఎగిరిందన్నదాని కంటే ఎన్నిసార్లు లేచి దిగిందన్నది చాలా భాగాలకు ముఖ్యం.

ఈ పాఠాన్ని లోకానికి నేర్పింది డి హావిలాండ్ కామెట్. 1952 మే 2న తొలి జెట్ ప్రయాణికుల సర్వీసు మొదలుపెట్టిన విమానం అది. 1954 జనవరి 10న ఇటలీకి చెందిన ఎల్బా దీవి దగ్గర ఒక కామెట్ గాలిలోనే ముక్కలైంది. అప్పటికి అది ఎగిరింది 1,290 సార్లే. ఏప్రిల్‌లో మరొకటి పోయింది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ను నీళ్ల తొట్టిలో పెట్టి, లోపలికి ఒత్తిడి ఎక్కిస్తూ దించుతూ పరీక్షించారు. పాత ప్రయాణాలూ తొట్టిలోని ఒత్తిళ్లూ కలిపి 3,057కు చేరేసరికి దాని చర్మం చీలింది. గంటల లెక్కకు అందని సంగతి సైకిళ్ల లెక్కకు దొరికింది.

అయినా ముప్ఫై నాలుగేళ్ల తర్వాత హవాయిలో అలాంటి పాఠమే మళ్లీ ఎదురైంది. 1988 ఏప్రిల్ 28న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు ముందు భాగం ఆకాశంలో ఎగిరిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది, విమానం మాత్రం ఎలాగో దిగింది. ఆ విమానం ఎగిరిన గంటలు 35,496, సైకిళ్లు 89,680. భాగించి చూస్తే సగటు ప్రయాణం 24 నిమిషాలు. దీవి నుంచి దీవికి రోజంతా గెంతులే. గంటల్లో చూస్తే నడివయసు, సైకిళ్లలో చూస్తే ముదుసలి. దాని రూపకర్తలు అనుకున్న ఆయువు 75,000 సైకిళ్లు. సముద్రపు ఉప్పుగాలి, ఊడిన అతుకులు, సరిగా జరగని తనిఖీలు అన్నీ దానికి తోడయ్యాయి.

హైదరాబాద్ నుంచి చూస్తే ఇదే తేడా కాగితం మీద తేలుతుంది. ఒక విమానం విజయవాడ, రాజమండ్రి లాంటి దగ్గరి ఊళ్లకు రోజుకు ఆరు ట్రిప్పులు వేస్తుందనుకుందాం. ఏడాదికి 2,190 సైకిళ్లు. 20,000 సైకిళ్ల డిస్కు తొమ్మిదేళ్లకు చెల్లిపోతుంది. అదే రకం విమానం గల్ఫ్‌కు నాలుగేసి గంటల ట్రిప్పులు రోజుకు మూడు వేస్తే ఏడాదికి 1,095 సైకిళ్లే. అదే డిస్కు పద్దెనిమిదేళ్లు వస్తుంది. గల్ఫ్ విమానం గాలిలో గడిపిన గంటలు మాత్రం విజయవాడ విమానం కంటే కనీసం రెట్టింపు. ఒక్క మీటరు పెట్టి రెండింటినీ కొలవబోతే ఎవరో ఒకరు మోసపోతారు.

చక్రం నేలను వదిలిన నిమిషం

గంటలు లెక్కపెట్టడం సులువే అనిపిస్తుంది. కానీ గడియారం ఎప్పుడు మొదలవ్వాలి? విమానం ప్రతి ట్రిప్పులోనూ నాలుగు ముఖ్యమైన క్షణాలను దాటుతుంది: స్టాండ్ నుంచి కదలడం, చక్రాలు నేలను వదలడం, చక్రాలు నేలను తాకడం, స్టాండ్‌లో ఆగడం. పైలట్ ఫ్లైట్ టైమ్ లెక్క మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా. విడిభాగాల వయసు మాత్రం సాధారణంగా నడిమి రెండింటి మధ్యే పెరుగుతుంది. కొత్త విమానాల్లో ఈ నాలుగు సమయాలూ ఏకార్స్ అనే డేటా లింకు ద్వారా వాటంతటవే కంపెనీ కంప్యూటర్‌కు చేరతాయి. చిన్న ఆపరేటర్ల దగ్గర పైలట్ టెక్ లాగ్‌లో రాసిన అంకెలను ఎవరో ఒకరు టైపు చేస్తారు.

టైపు చేసే మనిషి పొరపాటున స్టాండ్ సమయాలు వేశాడనుకుందాం. ప్రతి ట్రిప్పుకూ నేల మీద పాకిన ఇరవై నిమిషాలు అదనం. రోజుకు ఆరు ట్రిప్పులైతే రెండు గంటలు, ఏడాదికి 730. ఆ విమానంలోని వందలాది భాగాలు లేని వయసును మోస్తూ గడువుకు ముందే షెడ్డుకు చేరతాయి. అది డబ్బు నష్టం. లెక్క అటువైపు తప్పితే, అంటే ఎగిరిన గంటలు నమోదు కాకపోతే, నష్టం డబ్బుతో ఆగదు.

చోటు వేరు, వస్తువు వేరు

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. విమానం ఎగిరింది, గంటా ఇరవై నిమిషాలు, ఒక సైకిల్. ఆ అంకెను సాఫ్ట్‌వేర్ ఒక్కసారే తీసుకుంటుంది. విమానం నుంచి ఇంజిన్‌కు, ఇంజిన్ నుంచి దాని లోపలి మాడ్యూల్‌కు, మాడ్యూల్ నుంచి డిస్కుకు, ఇలా కొమ్మలు దిగుతూ పంచిపెడుతుంది. అమీర్‌పేట పీఎం పాఠంలోనూ ఇదే ఉంటుంది: పై యంత్రం మీటరు రీడింగు వేస్తే, దానికి బిగించి ఉన్న కింది యంత్రాలన్నిటికీ అది తనంతట తాను చేరుతుంది. ఈ పంపకం సరిగ్గా జరగాలంటే ఏది దేనికి బిగించి ఉందో కంప్యూటర్‌కు తెలిసి ఉండాలి.

అందుకే ఈ సాఫ్ట్‌వేర్లన్నీ రెండు మాటలను విడదీస్తాయి. ‘ఎడమ ఇంజిన్’ అన్నది ఒక చోటు. ఫలానా సీరియల్ నంబరున్న ఇంజిన్ ఒక వస్తువు. చోటు విమానంతోనే ఉంటుంది, వస్తువు వస్తూ పోతూ ఉంటుంది. ఈరోజు ఈ విమానం ఎడమ రెక్క కింద ఉన్న ఇంజిన్ వచ్చే ఏడాది ఇంకో విమానం కుడి రెక్క కింద ఉండవచ్చు. దాని వయసు దాని వెంటే ప్రయాణించాలి.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు లోకంలో కొన్నే పేరున్నవి. స్విట్జర్లాండ్ బాసెల్ నుంచి ఆమోస్, అమెరికా మయామీ నుంచి ట్రాక్స్, కెనడా ఒటావాలో పుట్టిన మెయింటెనిక్స్, చెన్నై నుంచి రామ్‌కో. ఈ రామ్‌కో మూలాలు తమిళనాడులోని రాజపాళయానివి. తరాల క్రితం వలసపోయి, ఇంట్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడే రాజుల ఊరు అది.

ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్‌నైనా ఒక ఆలస్యం తప్పుదారి పట్టిస్తుంది. శుక్రవారం రాత్రి హ్యాంగర్‌లో ఒక హైడ్రాలిక్ పంపు తీసి మరొకటి బిగించారు. కాగితం మీద సంతకం అయింది, కంప్యూటర్‌లో ఎక్కించింది మాత్రం సోమవారం పొద్దున. ఈలోగా విమానం పదిహేను ట్రిప్పులు వేసింది. ఆ పదిహేనూ స్టోరు అరలో పడుకున్న పాత పంపు ఖాతాలోకి వెళ్లాయి. గాలిలో తిరిగిన కొత్త పంపు ఖాతా సున్నా. సోమవారం ఎక్కించేవాడు శుక్రవారం తేదీ, సమయం వేస్తే మంచి సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్లి, ఒకచోట తీసేసి మరోచోట కలుపుతుంది. సోమవారం తేదీ వేసేస్తే రెండు పంపుల వయసులూ శాశ్వతంగా తప్పు. పంపు అయితే సర్దుకోవచ్చు. ఇంజిన్ డిస్కు అయితే?

చిన్న తప్పులకు లోటుండదు. సీరియల్ నంబరులో సున్నాకు బదులు ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం పడితే కంప్యూటర్ లెక్కలో అది వేరే వస్తువు. ఆగిపోయిన విమానంలోంచి ఒక భాగం ఊడదీసి, ఎగరాల్సిన విమానానికి బిగించడం హ్యాంగర్లలో మామూలే. నియమాల ప్రకారం చేస్తే తప్పు కాదు. కానీ అలాంటి ఒక్క మార్పిడికి రెండు తీయడాలు, రెండు బిగించడాలు నమోదు కావాలి. నాలుగింటిలో ఒకటి జారిందా, ఒకే వస్తువు రెండు విమానాల్లో ఉన్నట్టో, ఎక్కడా లేనట్టో కనిపిస్తుంది.

పంజాగుట్ట నుంచి ఒక ప్రశ్న

పంజాగుట్ట కూడలిలో వై.ఎస్. రాజశేఖర రెడ్డి విగ్రహం ఉంది. ముఖ్యమంత్రిగా ఆయన చివరిసారి ఎగిరింది అక్కడికి దగ్గర్లోని బేగంపేట నుంచే, 2009 సెప్టెంబర్ 2 ఉదయం, రాష్ట్ర ప్రభుత్వ బెల్ 430 హెలికాప్టర్‌లో. నల్లమల అడవిలో అది కూలింది. ప్రతికూల వాతావరణంలో, బలమైన కిందికి లాగే గాలిలో చిక్కి హెలికాప్టర్ అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. ఆఖరి నిమిషాల్లో గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ సంగతి తేల్చుకోవడానికి సిబ్బంది చెక్‌లిస్టులో వెతుకుతూ ఉండిపోయారని కూడా చెప్పింది.

కూలినదాని భాగాల వయసెంత అన్న ప్రశ్న ఏ ప్రమాదంలోనైనా వస్తుంది, అందుకే దర్యాప్తు అధికారులు మొదట స్వాధీనం చేసుకునే వాటిలో మెయింటెనెన్స్ రికార్డులు ఉంటాయి. హెలికాప్టర్ విషయంలో అవి మరీ దట్టంగా ఉంటాయి. రోటర్ హబ్, మాస్ట్, గేర్‌బాక్స్ నిరంతరం వణుకుతూ, మెలితిరుగుతూ పనిచేస్తాయి. అందుకే గంటలతో పాటు ఇంజిన్ ఎన్నిసార్లు స్టార్ట్ చేశారు, ఎన్నిసార్లు లేచింది, ఎన్నిసార్లు బరువు ఎత్తింది అన్నవీ లెక్కిస్తారు. బెల్ కంపెనీ తన కొన్ని నమూనాల భాగాలకు వీటితో ఒక ప్రత్యేక సంఖ్యను కట్టి, ఆ సంఖ్య హద్దు చేరగానే తీసేయమంటుంది. ఎన్నికల సభల మధ్య రోజుకు పదిచోట్ల దిగే హెలికాప్టర్‌కు గంటలు తక్కువే పడతాయి. లేచి దిగడాలు మాత్రం గబగబా పెరుగుతాయి.

పుట్టిన నాటి నుంచి

రికార్డు గడువు లోపలే ఉన్నంత మాత్రాన కథ అయిపోదు. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 తోక ఇంజిన్‌లోని ఫ్యాన్ డిస్కు పగిలి, ముక్కలు హైడ్రాలిక్ గొట్టాలన్నిటినీ కోసేశాయి. సూ సిటీలో దింపబోయినప్పుడు విమానంలోని 296 మందిలో 111 మంది పోయారు. ఆ డిస్కు పరిమితి 18,000 సైకిళ్లు. అది తిరిగింది 15,503. లెక్క ప్రకారం ఇంకా బతుకుంది. లోపం పుట్టుకలోనే ఉంది: 1971లో తయారైనప్పుడే టైటానియంలో చిన్న దోషం. మొక్కజొన్న చేలో డిస్కు దొరికాక దర్యాప్తు అధికారులు కాగితాలు వెనక్కి తిప్పుతూ పోతే, తయారీదారు రికార్డుల్లో అదే సీరియల్ నంబరుతో రెండు డిస్కులు కనిపించాయి. వాటిలో ఒకటి అల్ట్రాసౌండ్ పరీక్షలో తప్పింది. ఏది తుక్కుకు పోయింది, ఏది ఎగిరింది అన్నది కాగితాలు తేల్చిచెప్పలేకపోయాయి.

అందుకే ఆయుఃపరిమితి ఉన్న భాగానికి పుట్టిన నాటి నుంచి నేటిదాకా గొలుసు తెగని చరిత్ర అడుగుతారు. ఏ విమానం, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఎన్ని సైకిళ్లు, ఎవరి సంతకం. వర్క్‌షాప్ దాటే ప్రతి భాగానికీ మన దేశంలో సీఏ ఫారం 1, యూరప్‌లో ఈఏఎస్‌ఏ ఫారం 1, అమెరికాలో 8130-3 వెంట ఉండాలి. ఈ కాగితానికి ఉన్న విలువ దొంగలకూ తెలుసు. 2023లో లండన్ కేంద్రంగా ఉన్న ఏఓజీ టెక్నిక్స్ అనే సంస్థ నకిలీ పత్రాలతో వేలాది ఇంజిన్ భాగాలు అమ్మిందని బయటపడింది. పలు దేశాల విమానయాన సంస్థలు ఇంజిన్లు విప్పి వెతుక్కోవాల్సి వచ్చింది. గుట్టు తెలిసింది పోర్చుగల్ విమానయాన సంస్థ మెయింటెనెన్స్ విభాగం ఒక భాగం తాలూకు పత్రాన్ని అనుమానించి, తయారీదారును ఆరా తీసినప్పుడే.

మారిన తేదీ

మన దేశంలో ఇటీవలి ఉదాహరణ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌ది. ఏ320 విమానాల ఇంజిన్లలో కొన్ని భాగాలు మార్చాలని యూరప్ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది. సంస్థ విమానం ఒకదానిలో గడువు లోపల ఆ మార్పు జరగలేదు. జరిగినట్టు కనిపించేలా ఆమోస్ రికార్డులు దిద్దినట్టుందని డీజీసీఏ 2025 మార్చి నాటి మెమోలో పేర్కొన్న విషయాన్ని ఆ జూలైలో రాయిటర్స్ వెల్లడించింది. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లోకి రికార్డులు తరలిస్తున్న సమయంలో గడువు తేదీ తమ సాంకేతిక బృందం దృష్టి తప్పిందని, గుర్తించగానే సరిచేశామని సంస్థ వివరణ ఇచ్చింది. పొరపాటును డీజీసీఏ ముందు ఒప్పుకుని, బాధ్యులపై చర్యలు తీసుకున్నామంది.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి రికార్డులు తరలించడం ఈ రంగంలో అందరికీ గుబులు పుట్టించే పని. పాత కంప్యూటర్ తేదీలు ఒక తీరులో రాస్తే కొత్తది ఇంకో తీరులో చదువుతుంది. పాతదాంట్లో ఓవర్‌హాల్ నుంచి లెక్కించిన గంటలు కొత్తదాంట్లో పుట్టినప్పటి నుంచి లెక్కించినవిగా దిగబడవచ్చు. అందుకే జాగ్రత్తపరులు కొన్నాళ్లు రెండింటినీ పక్కపక్కన నడిపి, ప్రతి గడువునూ పోల్చి చూసుకుంటారు. దిద్దుబాట్ల సంగతికొస్తే, మంచి సాఫ్ట్‌వేర్‌లో చెరిపివేత ఉండదు. పాత అంకె అలాగే ఉంటుంది, దాని మీద కొత్త అంకె, మార్చినవారి పేరు, మార్చిన నిమిషం చేరతాయి. తప్పును సరిదిద్దినా, తప్పుగా దిద్దినా, జాడ మిగులుతుంది.

శంషాబాద్‌కు వచ్చే పని

ఈ లెక్కల పని హైదరాబాద్‌లో ఇక పెరగబోతోంది. శంషాబాద్‌లో జీఎంఆర్ మెయింటెనెన్స్ హ్యాంగర్లు ముందే ఉన్నాయి. 2025 నవంబర్ 26న అక్కడే సాఫ్రాన్ సంస్థ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజిన్ల సామర్థ్యానికి చేరాలన్నది లక్ష్యం. అక్కడికి వచ్చే ఇంజిన్ ముక్కలుగా విడిపోతుంది. కొన్ని డిస్కులు అదే ఇంజిన్‌లోకి తిరిగి వెళ్తాయి, కొన్ని వేరే ఇంజిన్‌కు, కొన్ని తుక్కుకు. ఒక ఇంజిన్‌గా వచ్చిన రికార్డు డజన్ల రికార్డులుగా చీలి, కొత్త కలయికల్లో మళ్లీ అతకాలి. స్పానర్ పట్టేవారితో పాటు ఈ అతుకులు చూసేవారూ కావాలి. ఏఎమ్‌ఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు) లైసెన్సు చదువుతో పాటు డేటాబేస్ తెలిసినవారికి, అంటే బేగంపేటకూ అమీర్‌పేటకూ నడుమ ఉన్న చదువుకు, అక్కడ చోటుంది.

ఆ అతుకుల విలువ ఎంతో అద్దె విమానాల యజమానులను అడిగితే తెలుస్తుంది. 2023 మేలో గో ఫస్ట్ దివాలా ప్రకటించాక, నేల మీద నిలిచిపోయిన తమ విమానాల్లోంచి భాగాలు మాయమవుతున్నాయని అద్దెకిచ్చిన కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు మొరపెట్టుకున్నాయి. భాగాలనే కాదు, విమానాలకు సంబంధించిన మాన్యువల్స్, రికార్డులు, పత్రాలను కూడా కదిలించవద్దని కోర్టు ఆ జూలైలో ఆదేశించింది. 2024 ఏప్రిల్‌లో 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దుకు దారి తెరుచుకుంది. విమానాన్ని వెనక్కి తీసుకునేటప్పుడు అద్దెకిచ్చిన కంపెనీల తరఫు తనిఖీదారులు హ్యాంగర్‌తో సమానంగా రికార్డుల గదిలోనూ కూర్చుంటారు. ఒక్కో డిస్కు చరిత్రను పుట్టినప్పటి నుంచి తిరగేస్తారు. మధ్యలో ఒక విమానం పేరు, ఒక తేదీ, ఒక సంతకం తగ్గితే ఆ డిస్కును మార్చమంటారు, లేదా దాని ఖరీదు లెక్కగట్టి బిల్లులో కలుపుతారు.